హోమ్సు అనుమానము, వాట్సను సాక్ష్యము: ‘షెర్లాక్’ టెలివిజను ధారావాహికపై ఒక పరిశీలన

ఉపక్రమము

ప్రఖ్యాతము, ఉత్పాద్యము, మిశ్రము అని ఇతివృత్తము త్రివిధమని దశరూపకకర్త యగు ధనంజయుడు చెప్పినాడు. ఈ మూడింటిలో మిశ్రమునకు మన ప్రబంధకవులు విశేషగౌరవ మిచ్చినారు. రామరాజభూషణుడు వసుచరిత్రావతారికలో కేవలకల్పితములగు కథలను కృత్రిమరత్నములతోను, ప్రాచీనకథలను గనిలో పుట్టిన రత్నములతోను పోల్చి, మిశ్రకథలను సానబట్టిన జాతిరత్నములుగా భావించినాడు. సానబట్టుటలో రెండు ఫలము లున్నవి. రత్నమునకు క్రొత్త మెఱుగు వచ్చును. రత్నములో కొంత అరిగియు పోవును. మెఱసిన దెంత, అరిగిన దెంత అని తూచి చూచుటయే మిశ్రకథావిమర్శకుని కర్తవ్యము.

ప్రస్తుతవ్యాసమున అట్టి సానకు వచ్చిన ఒక ఆంగ్లకథావస్తువును మేము పరిశీలింప దలచితిమి. ఆర్థర్ కానన్ డాయిల్ సృష్టించిన షెర్లాక్ హోమ్సు కథలను గ్రహించి, స్టీవెన్ మోఫట్, మార్క్ గేటిస్ అను రచయితలు రూపొందించిన ‘షెర్లాక్’ అను ధారావాహికను బి.బి.సి. సంస్థ 2010 జూలై 25 మొదలు 2017 జనవరి 15 వరకు ప్రసారము చేసినది. నాలుగు శ్రేణులలో పండ్రెండు భాగములు, 2016 జనవరి 1న వచ్చిన ప్రత్యేకభాగ మొకటి, వెరసి పదుమూడు. ఒక్కొక్కటి సుమారు గంటన్నర నిడివి గలది. హోమ్సు పాత్రను బెనెడిక్ట్ కంబర్‌బాచ్, వాట్సను పాత్రను మార్టిన్ ఫ్రీమన్ ధరించినారు. గుఱ్ఱపుబండ్లు, గ్యాసు దీపములు గల పందొమ్మిదవ శతాబ్దిలోని అపరాధపరిశోధకుడు ఇందులో సెల్‌ఫోను చేతబట్టి ఇరువదియొకటవ శతాబ్దిలోని లండనులో సంచరించును.

కాలమును మార్చుట నూతనవిషయము కాదు. 1942 మొదలు 1946 వరకు బాసిల్ రాత్‌బోన్ నటించిన పండ్రెండు చిత్రములలో యూనివర్సల్ సంస్థవారు హోమ్సును సమకాలమునకే దింపిరి. 1984 మొదలు 1994 వరకు గ్రనాడా సంస్థవారు జెరెమీ బ్రెట్ నాయకుడుగా తీసిన కథలు తద్విరుద్ధముగా విక్టోరియా యుగమును పదిలముగా నిలుపుకొన్నవి. కావున కాలము మారినదా లేదా అనునది మా ప్రశ్న కాదు. డాయిల్ కథలకు ప్రాణమైన దేది, అది ఈ ధారావాహికలో నిలిచినదా అనునదే మా ప్రశ్న. నిలిచినంతవరకు ఈ రచన ఉత్తమమైనదనియు, జారినకొలదియు బలహీనమైనదనియు, ఆ ప్రాణము హోమ్సులో కంటె వాట్సనులోనే యున్నదనియు మా అభిప్రాయము.

స్వార్థానుమానము, పరార్థానుమానము

అపరాధపరిశోధనకథకు జీవము అనుమానప్రమాణము. మన ఆలంకారికులు అనుమానము నొక అలంకారముగా అంగీకరించినారు. మహిమభట్టు ఒక అడుగు ముందునకు వేసి ధ్వని సైతము అనుమానములోనే అంతర్భవించునని వ్యక్తివివేకమున వాదించినాడు. కావ్యమందలి హేతువులు నియతములు కావని మమ్మటుడు దానిని ఖండించెను. ఆ వాద మెట్లున్నను, అనుమానమే చమత్కారహేతువైన కథాజాతి యొకటి లోకమున వెలసినది. దానిని పరిశీలించుటకు మన తర్కశాస్త్ర పరిభాష మిక్కిలి ఉపకరించును.

ఆంధ్రుడని ప్రసిద్ధిగల అన్నంభట్టు తర్కసంగ్రహమున అనుమానమును రెండు విధములుగా విభజించినాడు. వంటయింట పొగను, నిప్పును కలిసియుండగా పలుమారులు చూచినవాడు, కొండపై పొగను చూచి అచట నిప్పున్నదని తనలో తాను నిశ్చయించుకొనుట స్వార్థానుమానము. ఆ నిశ్చయమునే ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణము, ఉపనయము, నిగమనము అను అయిదు అవయవములు గల వాక్యముతో ఇతరునకు బోధించుట పరార్థానుమానము. మొదటిదానికి ఒక బుద్ధి చాలును. రెండవదానికి ఎదుట మఱియొక బుద్ధి కావలయును.

డాయిల్ కథలలో హోమ్సు మనస్సున తళుక్కుమను నిశ్చయము స్వార్థానుమానము. దానిని వాట్సనునకు విప్పిచెప్పుట పరార్థానుమానము. కథ యొక్క ఆనంద మంతయు మొదటిదానినుండి రెండవదానికి సాగు నడకలోనే యున్నది. ఎడింబరోలో డాయిల్‌నకు వైద్యవిద్య గఱపిన జోసెఫ్ బెల్ రోగిని చూచినంతనే అతని వృత్తిని, వచ్చిన తావును చెప్పి, పిమ్మట ఎట్లు గ్రహించెనో శిష్యులకు వివరించెడివాడు. ఆ శిష్యులు లేకున్నచో బెల్ తెలివి బెల్‌తోనే నిలిచియుండును. హోమ్సునకు మూలము బెల్ అని పలువు రెఱుగుదురు. వాట్సనునకు మూలము ఆ శిష్యులు కూర్చున్న బల్ల యని మేము చెప్పుదుము.

ఇందుకు ప్రమాణము డాయిల్ రచనలలోనే కలదు. నాలుగు నవలలు, ఏబదియాఱు చిన్నకథలు కలిసి అఱువది రచనలలో వాట్సను కథకుడు కానివి నాలుగు మాత్రమే. వానిలో 1926లో వెలువడిన రెండింటిని హోమ్సే చెప్పినాడు. వాట్సను రచనావిధానమును ఎప్పుడును ఆక్షేపించెడి హోమ్సు, కలము చేతబట్టిన పిదప పాఠకుని ఆకర్షించునట్లు చెప్పక తప్పదని తానే ఒప్పుకొనవలసివచ్చినది. తన తలలోనిది తానే చెప్పువాడు దాచిన విషయము మోస మగును. దాచని విషయము నీరస మగును. చూచిన దంతయు చెప్పుచు, అర్థము కాని దానిని అర్థము కాలేదని నిజాయితీగా ఒప్పుకొను సాక్షి యొకడు నడుమ నుండుటచేతనే రహస్యమును, న్యాయమును రెండును నిలుచుచున్నవి. వాట్సను మందబుద్ధి యని తలచువారు ఈ మర్మమును గుర్తింపలేదు. అతడు మందుడు కాడు. అతడు పాఠకుని ప్రతినిధి.

తొలిభాగము: సాన మెఱయించిన రత్నము

2010లో వచ్చిన ప్రథమభాగము ‘ఎ స్టడీ ఇన్ పింక్’ 1887లో వెలువడిన ‘ఎ స్టడీ ఇన్ స్కార్లెట్’ అను నవలకు రూపాంతరము. మాతృకలో వాట్సను 1880లో మైవాండ్ యుద్ధమున గాయపడి ఆఫ్‌గనిస్థానమునుండి తిరిగివచ్చిన సైనికవైద్యుడు. నూట ముప్పది సంవత్సరముల పిదప గూడ బ్రిటిషు సైన్యము అదే దేశమున యుద్ధము చేయుచుండెను గదా! చరిత్ర తనంత తానుగా ఇచ్చిన ఈ అనుకూలతను రచయితలు చక్కగా వినియోగించుకొన్నారు. వాట్సను గాయము భుజమునకని మొదటి నవలలోను, కాలికని తరువాతి నవలలోను డాయిల్ వ్రాసియుండుట పాఠకుల కొక చిరకాలపు చిక్కు. ధారావాహికలో గాయము భుజమునకే. కాలి కుంటుతనము మనోవ్యథచే కలిగినది. మూలమందలి దోషమును గుణముగా మార్చిన నేర్పు ఇది.

హోమ్సు వాట్సనును చూచినంతనే చెప్పిన మాట ఉభయత్ర కలదు. డాయిల్ హోమ్సు ఆఫ్‌గనిస్థానమని నిశ్చయముగా చెప్పును. ధారావాహికలోని హోమ్సు ఆఫ్‌గనిస్థానమా, ఇరాకా అని ప్రశ్నించును. ఆ కాలమున బ్రిటిషు సైనికులు పోరాడిన దేశములు రెండు. ముఖమునందు ఎండకు కమిలిన ఛాయ, మణికట్టుపై తెలుపు, నిలుచుండు తీరు, కత్తిరించిన జుట్టు అను హేతువులు రెంటికిని సమానములే. హేతువు ఎంతవరకు పోవునో అంతవరకే పోయి, ఆపైన సంశయముగా నిలిపిన ఈ మార్పు మూలముకంటె తర్కశుద్ధమైనది.

పిమ్మట కారులో కూర్చుండి హోమ్సు చేసిన వివరణము ఈ ధారావాహిక కంతటికిని మకుటాయమానము. 1890లో వెలువడిన ‘ది సైన్ ఆఫ్ ఫోర్’ నవలలో హోమ్సు ఒక గడియారమును పరీక్షించి, తాళపుచెవి పెట్టు రంధ్రముచుట్టు ఉన్న గీతలవలన దాని పూర్వస్వామి త్రాగుబోతని, అతడు వాట్సనుయొక్క అన్నయని గ్రహించును. ఇచట గడియారమునకు బదులు సెల్‌ఫోను. తాళపు రంధ్రమునకు బదులు విద్యుత్తు ఎక్కించు రంధ్రము. ఫోనుపై చెక్కిన ‘హ్యారీ’ అను పేరునుబట్టి హోమ్సు అది వాట్సను సోదరుని దనును. తక్కిన దంతయు సరియే. కాని హ్యారీ యనునది హ్యారియట్ అను పేరునకు సంక్షేపము, ఆమె సోదరి. పురుషునకును స్త్రీకిని చెల్లు పేరును పురుషత్వమునకు హేతువుగా గ్రహించుట సవ్యభిచారమను హేత్వాభాసము. ఈ తప్పును ఎత్తిచూపువాడు వాట్సను. వివరణము సాంతముగా విని ఆశ్చర్యపడినవాడును అతడే. దానిని సవరించినవాడును అతడే. పరార్థానుమానమున పరుని పాత్ర వినుటతో ముగియదు, పరీక్షించుట గూడ అతని అధికారమని ఈ సన్నివేశము చక్కగా నిరూపించుచున్నది.

‘రాషె’ అను అక్షరముల విషయమున రచయితలు చేసిన మార్పు మఱింత చమత్కారయుతము. మాతృకలో గోడమీద నెత్తుటితో వ్రాసిన ఆ అక్షరములను చూచి, ‘రేచెల్’ అను స్త్రీ పేరు వ్రాయబోయి ఆపినారని పోలీసు ఉద్యోగి తలచును. అది జర్మనుభాషలో ప్రతీకారవాచక మని హోమ్సు సవరించును. ధారావాహికలో మరణించుచున్న స్త్రీ గోళ్ళతో నేలపై గీచిన అవే అక్షరములను చూచి పోలీసులలో నొకడు జర్మనుపదమని పాండిత్యము చూపగా, హోమ్సు దానిని త్రోసిపుచ్చి, అది ‘రేచెల్’ అను పేరునకు మొదటిభాగమే యనును. మూలము చదివినవాడు ముందే తెలిసినదని నిశ్చింతగా కూర్చుండగా అతని నిశ్చింత భగ్నమగును. చదువనివానికి కథ సుగమముగనే యుండును. ఇట్లు ఇరువురిని ఒక్కసారి తృప్తిపఱచుట మిశ్రకథకు పరమప్రయోజనము.

హంతకుడు ఉభయత్ర బండి నడుపువాడే. రెండు మాత్రలలో ఒకటి విషము, ఒకటి నిర్దోషము. కాని మాతృకలో అతనికి తన ప్రియురాలి మరణమునకు పగతీర్చుకొనుట ప్రయోజనము. అమెరికాలో జరిగిన ఆ పూర్వకథ నవలలో ఉత్తరార్ధమును చాలవఱకు ఆక్రమించినది. ధారావాహిక దానిని విడిచి, బిడ్డలకు ధనము చేకూర్చుటకై హత్యలు చేయు మరణాసన్నునిగా అతనిని మార్చినది. కథాబంధము బిగువైనది, కాని ప్రతినాయకుని దుఃఖమున ఉండిన కరుణ సన్నగిల్లినది. సానకు అరిగిన భాగములలో ఇది యొకటి.

తెరమీది అక్షరములు

ఈ ధారావాహిక ప్రవేశపెట్టిన ప్రసిద్ధమైన ప్రక్రియ తెరమీద తేలియాడు అక్షరములు. ప్రథమభాగ దర్శకుడు పాల్ మెక్‌గీగన్. మృతదేహము కడ హోమ్సు మోకరిల్లగా అతని దృష్టి సోకిన ప్రతివస్తువు ప్రక్కను ఒక్కొక్క పదము కనబడును. పెండ్లియుంగరము వెలుపల మాసి, లోపల శుభ్రముగా నున్నది. కావున తఱచుగా తీసి పెట్టుకొనునది. కోటు తడిసియున్నది, గొడుగు పొడిగా నున్నది. కావున గొడుగు పట్టలేనంత గాలివాన. కుడికాలి మడమమీద బురదచిందులు. కావున చక్రములపెట్టె నీడ్చుకొని వచ్చినది. ఇందు వస్తువు హేతువు, అక్షరము నిగమనము. మెరపు వంటి ఈ ప్రదర్శనము హోమ్సు మనస్సులోని స్వార్థానుమానమును చూపుటకు దృశ్యమాధ్యమము కనిపెట్టిన భాష యనవచ్చును. అయినను ఆ సన్నివేశముననే, ఆ వెంటనే హోమ్సు వాట్సనునకును, పోలీసు అధికారికిని నోటితో అంతయు విప్పిచెప్పును. అక్షరము మెరపైనచో వివరణము వాన. రెండును కలిసినప్పుడే నేల తడియును.

అదే శ్రేణిలోని ‘ది బ్లైండ్ బ్యాంకర్’ అంత సమర్థమైనది కాదు. ‘ది డాన్సింగ్ మెన్’ (1903) కథలోని బొమ్మలలిపి స్థానమున చీనాదేశపు అంకెలను, సర్కసును, దొంగలముఠాను చేర్చి, ఆ దేశీయులను వింతవస్తువులుగా చూపుట విక్టోరియా యుగమునాటి దురభ్యాసము. కాలము మార్చినవారు ఆ దృష్టిని మార్చకపోవుట శోచనీయము. ‘ది గ్రేట్ గేమ్’ మాత్రము మరల ఉన్నతమైనది. భూమి సూర్యునిచుట్టు తిరుగునని హోమ్సు ఎఱుగడని డాయిల్ మొదటి నవలలో సరసముగా చెప్పినాడు. వాట్సను తన రచనలో దీనిని లోకమునకు వెల్లడించినాడని ధారావాహికలోని హోమ్సు కినుక వహించును. తుదకు ఒక చిత్రపటము నకిలీదని తేల్చుటకు ఖగోళజ్ఞానమే కావలసివచ్చును: పటములో చిత్రింపబడిన నక్షత్రవిస్ఫోటము, కథలో చెప్పినట్లు, 1858లో కనబడినది, చిత్రకారుడైన వెర్మీరు 1675లోనే మరణించినాడు. ఇందు హేతువు, వ్యాప్తి, నిగమనము మూడును ప్రేక్షకుని ముంగిట నున్నవి. వాట్సను చేసిన ఆక్షేపమే కథకు కీలకమైనది.

అటక, మనోభవనము

మానవుని మెదడు చిన్న అటక వంటిదనియు, అందు పనికివచ్చు సామాను మాత్రమే పెట్టుకొనవలయుననియు డాయిల్ హోమ్సు చెప్పును. అటక సామాన్యమైన ఇంటిలో సామాన్యునకు గూడ ఉండునది. 2012 జనవరిలో వచ్చిన ‘ది హౌండ్స్ ఆఫ్ బాస్కర్‌విల్’ భాగమున ఈ అటక స్థానమున ‘మనోభవనము’ వెలసినది. స్థానకల్పనచే విషయములను జ్ఞప్తియందుంచుకొను పద్ధతి గ్రీకు, రోమను వక్తలనాటిది. అది దోషము కాదు. ఆ భవనద్వారము తెఱచిన తీరు విచార్యము. హోమ్సు అందు ప్రవేశింపదలచి, గదిలోనున్న వాట్సనును బయటకు పొమ్మనును. మనోభవనము తొలిసారి తెఱచుకొన్న క్షణముననే సాక్షి గడప దాటినాడు. ఈ చిన్న అభినయములో ధారావాహిక భవిష్యత్తు అంతయు సూచితమైనది.

మాతృకతో పోల్చినచో ఇది మఱింత స్పష్టమగును. పదునైదు ప్రకరణముల ఆ నవలలో ఆఱవ ప్రకరణము మొదలు పదునొకండవ ప్రకరణాంతము వరకు హోమ్సు తెరచాటుననే యుండును. ఆ బయలునేలలో భయమును, ఒంటరితనమును, శంకలను వాట్సను తన లేఖలద్వారా, దినచర్యద్వారా మనకు అందించును. భయానకరస మంతయు ఆ సాక్ష్యముననే పండినది. ధారావాహికలో హోమ్సు వెంటనే యుండును. వాట్సను ఒక ప్రయోగశాలలో బంధింపబడి భయభ్రాంతు డగును. ఆ భయము కలుగునట్లు చేసినవాడు హోమ్సే. చక్కెరలో మందున్నదని తలచి, దానిని కాఫీలో కలిపి మిత్రునకిచ్చి ఫలితమును గమనించెను. తీరా చూడగా చక్కెరలో నేమియు లేదు. దోషము గాలిలో నున్నది. హోమ్సు హేతువు మరల ఆభాసమే యైనది. ఈ అంశము చమత్కారముగా నున్నను, సాక్షి యైనవాడు పరీక్షాద్రవ్య మైనాడని మఱువరాదు.

ఐరీన్ ఆడ్లర్

అదే శ్రేణిలోని ‘ఎ స్కాండల్ ఇన్ బెల్‌గ్రేవియా’ను గూర్చి ప్రశంసలును, ఆక్షేపణలును సమానముగా వినబడినవి. 1891లో స్ట్రాండు పత్రికలో వచ్చిన మూలకథలో ఐరీన్ ఆడ్లర్ హోమ్సు పన్నాగమును గ్రహించి, భర్తతో దేశము విడిచి, ఒక లేఖను, తన ఛాయాచిత్రమును వదలి పోవును. ఓడినవాడు హోమ్సు, ఓటమిని సగౌరవముగా నమోదు చేసినవాడు వాట్సను. ‘అగ్ని’ యని కేకవేసి పొగపుట్టించుటద్వారా ఆమె విలువైన వస్తువు నెచట దాచినదో కనుగొను ఉపాయమును ధారావాహిక యథాతథముగ గ్రహించి సమర్థముగా నిర్వహించినది. కాని ఫలము తలక్రిందులైనది. ఆమె నాడిని, కనుపాపల విస్తారమును గమనించి ఆమె తనను ప్రేమించుచున్నదని హోమ్సు నిశ్చయించి, ఆ ప్రేమనుండి ఆమె ఫోను రహస్యసంకేతమును రాబట్టును. తుదకు కరాచీలో ఆమెను మరణమునుండి తప్పించువాడును అతడే.

నాడివేగమును ప్రేమకు హేతువుగా గ్రహించుటలో తర్కదోషము లేకపోవచ్చును. ఔచిత్యదోషము మాత్రము స్పష్టముగా నున్నది. డాయిల్ ఆమెకు బుద్ధిచే జయము నిచ్చినాడు. నూట ఇరువది సంవత్సరముల తరువాతి రచయితలు హృదయముచే పరాజయమును, పిమ్మట రక్షణమును ఇచ్చినారు. మూలమందలి హోమ్సునకు తన అనుమానశక్తి కొక మేర కలదని నేర్పిన స్త్రీ, ఇచట ఆ శక్తికి మఱియొక నిదర్శనముగా మిగిలినది. నాయకుని ఎత్తును పెంచుటకు ఇతరపాత్రలను కుదించుట ఈ భాగముననే ప్రారంభమైనదని మా తలంపు.

పతనము, పునరాగమనము

1893లోని ‘ది ఫైనల్ ప్రాబ్లమ్’ కథలో స్విట్జర్లాండు జలపాతము కడ వాట్సను స్వయముగా ఒక అనుమానము చేయును. అంచువరకు పోయిన అడుగుజాడలు రెండు వరుసలు. తిరిగివచ్చినది ఒకటియు లేదు. కావున ఇరువురును పడి మరణించిరి. హేతువు కన్నులయెదుట నున్నది. అయినను నిగమనము తప్పు. ‘ది రైకెన్‌బాక్ ఫాల్’ (2012 జనవరి 15) దీనికి సమర్థమైన రూపాంతరము. జలపాతమునకు మారుగ లండనులోని సెయింట్ బార్థొలోమ్యూ వైద్యశాల మేడ. సిగరెట్టు పెట్టెతో నొత్తిపెట్టిన లేఖకు మారుగ ఫోను సంభాషణము. రోగి యున్నదని తప్పుడు కబురు పంపి వాట్సనును దూరము చేయుట ఉభయత్ర కలదు. హోమ్సు క్రిందనున్న మిత్రునితో అచటనే నిలిచి తననే చూడుమని ప్రాధేయపడును. సాక్ష్యమునకు ఇంతటి గౌరవ మిచ్చిన ఘట్టము ఈ ధారావాహికలో మఱియొకటి లేదు. ఆ సాక్ష్యమునే వంచించుట దానిలోని విషాదము.

తరువాత రెండు సంవత్సరములు ప్రేక్షకులు ఈ మరణరహస్యమును ఊహించుచు నుండిరి. అనగా ప్రేక్షకలోక మంతయు వాట్సనైనది. 2014 జనవరి 1న వచ్చిన ‘ది ఎంప్టీ హర్స్’ ఆ ఊహలను తెరమీదికి తెచ్చి పరిహసించి, తుదకు హోమ్సు నోట ఒక సమాధానము చెప్పించి, విన్నవానిచేతనే దానిని శంకింపజేసినది. చంకలో బంతి నొత్తిపట్టి నాడి నాపినాడను అంశమునకు వెనుకటి భాగమున హోమ్సు బంతి నాడించుచుండుట హేతువుగా నున్నది, అది న్యాయము. కాని సిద్ధాంతమును సిద్ధాంతమని చెప్పక దాటవేయుట ప్రేక్షకుని శ్రమకు తగిన ప్రతిఫలము కాదు. 1903లోని ‘ది ఎంప్టీ హౌస్’ కథలో డాయిల్ చెప్పిన సమాధానము అతిశయోక్తితో నున్నను ఋణమును తీర్చినది.

ఈ శ్రేణిలోని ‘ది సైన్ ఆఫ్ త్రీ’ మా దృష్టిలో తొలిభాగము తరువాత లెక్కింపదగినది. వాట్సను వివాహసభలో హోమ్సు ప్రసంగించును. సభ యంతయు వినుచుండగా పరిష్కారము కాని కేసులను విప్పుచు, అపరాధమును తాను పరిష్కరింపజూచినప్పుడు మిత్రుడు గాయపడినవాని ప్రాణమును కాపాడినాడని కొనియాడును. బిగుతైన నడుముపట్టీ సందున దిగిన సన్నని కత్తి, పట్టీ విప్పినంతవరకు రక్తమును కాఱనీయదను రహస్యము ఆ ప్రసంగములోనే తేలును. ఛాయాచిత్రములలో ఛాయాగ్రాహకుడు కనబడడను అంశము హంతకుని పట్టియిచ్చును. సంపూర్ణమైన పరార్థానుమానము! అందులకే అది హాస్యముగాను, హృద్యముగాను కూడ నున్నది.

సాక్షి లేని తర్కము

కడపటి శ్రేణికి వచ్చుసరికి ఈ సమత్వము చెదరినది. ఒక్క ఉదాహరణము చాలును. 1913లోని ‘ది డయింగ్ డిటెక్టివ్’ కథలో హోమ్సు మరణరోగ మభినయించి, శత్రువుచేత నేరము ఒప్పించును. మంచము తలాపి వెనుక దాగి ఆ మాటలు వినువాడు వాట్సను. 2017లోని ‘ది లయింగ్ డిటెక్టివ్’ భాగమున ఆ ఒప్పుకోలును పట్టునది వాట్సను చేతికఱ్ఱలో నమర్చిన యంత్రము. చేతికఱ్ఱ తొలిభాగమునాటిదే; స్మృతి మధురమైనదే. అయినను మంచము వెనుక ఊపిరి బిగబట్టి కూర్చున్న మనుష్యుని తావున ఒక పనిముట్టు నిలిచినది. అదే భాగమున, రెండు వారముల తరువాత ఎవ రెచట నుందురో హోమ్సు ముందే నిర్ణయించి ఏర్పాటులు చేసినాడని తెలియవచ్చును. పొగను చూచి నిప్పును చెప్పుట అనుమానము. ఇంకను రాజుకొనని నిప్పును చెప్పుట జోస్యము.

‘ది ఫైనల్ ప్రాబ్లమ్’ అను చివరిభాగమున ఇది పరాకాష్ఠ నందినది. హోమ్సునకు యూరస్ అను సోదరి కల్పింపబడినది. ఆమె మాటలాడినంతమాత్రమున కావలివారు ఆమెకు వశులగుదురు. ఎట్లని హేతువు చెప్పబడలేదు. తర్కకథ మంత్రకథగా మారినది. బాల్యవ్యథను వెలికిదీసి నాయకునకు హృదయము కలదని చూపుట రచయితల ఉద్దేశము. కాని ఆ హృదయమును తొలిభాగములే వాట్సను ముఖమున చూపియుండెను గదా! ఈ భాగమున వాట్సను చాలసేపు బావి అడుగున సంకెలలో నుండును. కడపటి పలుకులును అతనివి కావు. మరణించిన అతని భార్య ముద్రించి యుంచిన వాక్యములు. ఈ శిల్పము తెలిసి చేసినదో తెలియక చేసినదో గాని, సాక్షిని బావిలో పడవేసిన కథకు ఇంతకంటె యథార్థమైన చిత్రము దొరకదు.

పూర్వపక్షసమాధానము

దృశ్యమాధ్యమమున కెమెరాయే కథకుడు గనుక వాట్సను అనావశ్యకుడని కొందఱు ఆక్షేపింపవచ్చును. ఇది సమంజసము కాదు. కెమెరా చూపును, ప్రశ్నింపదు. హ్యారీ సోదరుడు కాడు, సోదరి యని కెమెరా చెప్పజాలదు. ధారావాహికలన్నియు నాయకుని మనస్సులోనికి పోకతప్పదు, అది నేటి అభిరుచి యని మఱికొందఱు అనవచ్చును. పోవచ్చును; కాని పోయినవాడు తిరిగివచ్చి చూచినదానిని చెప్పవలయును. ‘ది సైన్ ఆఫ్ త్రీ’ అట్లు చేసి కృతార్థమైనది. కావున దోషము మాధ్యమమునది కాదు.

ఉపసంహారము

ఇది కేవలము కథాశిల్పమునకు సంబంధించిన విషయము కాదని మా నమ్మకము. హేతువును ముందుంచి, వ్యాప్తిని చెప్పి, నిగమనమునకు తీసికొనిపోవు కథకుడు పాఠకుని తనకు సమానునిగా భావించుచున్నాడు. అంతయు విన్న పిదప ఇంత సులభమా యని వాట్సను విస్తుపోవుట హోమ్సునకు అవమానము కాదు; బుద్ధి ఏ ఒక్కని సొత్తును కాదనుటకు అది నిదర్శనము. హేతువును దాచి ఫలమును మాత్రము చూపు కథకుడు పాఠకుని సహృదయస్థానమునుండి దించి భక్తునిగా చేయుచున్నాడు. భక్తునకు అద్భుతము చాలును. సహృదయునకు అద్భుతము తరువాత ‘ఎట్లు?’ అను ప్రశ్నయు, దానికి సమాధానమును కావలయును.

ఈ తూనికలో ‘ఎ స్టడీ ఇన్ పింక్’, ‘ది గ్రేట్ గేమ్’, ‘ది రైకెన్‌బాక్ ఫాల్’, ‘ది సైన్ ఆఫ్ త్రీ’ అను నాలుగు భాగములు సానబట్టిన జాతిరత్నములనుటకు మేము సంకోచింపము. తక్కినవానిలో మెఱుగు ఎక్కువ, రాయి తక్కువ. డాయిల్‌ను అనుసరింపబోవు రచయితలు హోమ్సు కోటును, టోపీని, తుదకు శతాబ్దిని సైతము మార్చుకొనవచ్చును. అతని ఎదుటి కుర్చీని మాత్రము ఖాళీ చేయరాదు.